గోడమీది ఈగపులి

(మన సంఘపు మాస సమావేశమునందు చేసిన ప్రసంగపు పాఠము)



పప్పుధాన్యముల వర్తకము చేసికొను మేము సాలెపురుగును గూర్చి ప్రసంగించుట మీలో కొందరికి వింతగా తోచవచ్చును. మా చదువు మెట్రిక్యులేషనుతో ముగిసినది. ఐనను వర్తకుడు పగలెల్ల అంగడిలో కూర్చుండువాడు. అతని కన్నుల యెదుట నుండునవి బస్తాలు, తక్కెడ, గోడ. ఆ గోడమీద మాకు ప్రతిదినము కనబడు ఒక చిన్న ప్రాణిని ఏండ్ల తరబడి చూచి, దొరికిన గ్రంథములు చదివి, తెలిసికొన్నది నేడు మీకు మనవి చేసెదము. ఇందులకు వేడుక యొక్కటియే కారణము కాదు. ఈ ప్రాణిపై మన యిండ్లలో ఒక నేరము మోపబడుచున్నది. దానివలన ఆ పురుగునకు కలుగు నష్టము కంటె మనకు కలుగు నష్టమే యెక్కువ. ఆ సంగతికి ముందు ప్రాణిని పరిచయము చేయవలెను గదా.

మీరందరు దానిని చూచియే యుందురు. అది మూలలలో వల పన్నదు, దారమున వ్రేలాడుచు కాచియుండదు. అర అంగుళమునకు లోపు నిడివి. పట్టపగలు గోడమీద నాలుగడుగులు వేసి ఆగును, మరల నాలుగడుగులు వేయును. మనము దగ్గరకు పోయినచో తక్కిన పురుగులవలె పరుగెత్తి దాగికొనదు. గిఱ్ఱున తిరిగి మన మొగమువైపు చూచును. వ్రేలు చాచితిమా, ఒక్క గెంతున జానెడు దూరము పోయి, అక్కడనుండి మరల మనలను చూచును. మా అంగడి గుమాస్తా దీనికి జమేదారని పేరు పెట్టినాడు. లెక్క చూడ వచ్చినవానివలె అన్ని బస్తాలమీదను తిరిగిపోవునట!

దీని పేరేమని మా యింటి పిల్లల నడిగితిమి. జంపింగ్ స్పైడర్ అనిరి. తెలుగున ఏమందురో చెప్పుడనగా ఒకరి మొగ మొకరు చూచుకొనిరి. ఎనుబదియేండ్లు దాటిన మా మేనత్తగారి నడిగితిమి. ఆమె విసనకఱ్ఱ ఆపకయే, “ఈగపులి గదా నాయనా, ఆ మాత్రం తెలియదూ?” అనిరి. ఎంత చక్కని పేరు! వల పన్నక, పొంచి, పైకి దూకి ఈగను పట్టుదానికి అంతకంటె తగిన పేరు ఏ పండితుడు పెట్టగలడు? మనము తరతరములుగా నివసించుచున్న ఈ తిరుచిరాపల్లి సీమలో తమిళులును దీనిని ఈప్పులి యనియే యందురు. పొరుగు భాషలు రెండును ఒకే పోలికను పట్టుకొన్నవి. ఇక సాలెపురుగను మాటకు నేతపని చేయు పురుగని అర్థము. మన సంఘమున నేతవారి కుటుంబములు పెక్కు గలవు. వారు మన్నింతురు గాక, ఈగపులి సాలె కులమున పుట్టియు మగ్గము ముట్టని పురుగు. దారము మాత్రము తీయును. ఆ దారము దేనికో ముందు చెప్పెదము.

శాస్త్రజ్ఞులు ఈ జాతికి ప్లెక్సిప్పస్ అని పేరిడిరి. 1846లో కార్ల్ లుడ్విగ్ కోఖ్ అను జర్మను పండితుడు ఆ పేరు పెట్టెను. గ్రీకు భాషలో దానికి గుఱ్ఱములను అదలించువాడని అర్థము. మన యిండ్లలో తఱచుగా కనబడునవి ఇందు రెండు తెగలు. పెద్దది ప్లెక్సిప్పస్ పేకుల్లి. పేకుల్ అను స్వీడను దేశపు ప్రకృతి శాస్త్రజ్ఞుని పేర వెలసినది. ఈజిప్టు దేశమును గూర్చి ఫ్రెంచివారు ప్రకటించిన మహాగ్రంథములోని చిత్రములకు వివరణ వ్రాయుచు ఓదువాన్ అను పండితుడు 1826లో దీనిని లోకమునకు తెలిపెను. చిన్నది ప్లెక్సిప్పస్ పీటర్సి. 1878లో కార్ష్ అను జర్మను పండితుడు వర్ణించెను. పెద్ద తెగ నేడు ఉష్ణదేశములన్నిటను, అమెరికా ఖండమునందు సహితము, ఇండ్ల గోడలమీద కాపురమున్నది. ఓడలలో సరకుతోపాటు వ్యాపించినదందురు. సరకు వెంట పోయి, పోయినచోట స్థిరపడుట మనకు మాత్రము క్రొత్తయా!

ఈగపులుల కుటుంబము మిక్కిలి పెద్దది. దూకుచు నాట్యమాడుట యను అర్థముగల లాటిను మాటనుండి ఆ కుటుంబమునకు సాల్టిసిడే యను పేరు వచ్చినది. ఇంతవరకు గుర్తించిన తెగలు 6,000 పైచిలుకు. సాలెపురుగులలో ఇంతటి కుటుంబము మఱియొకటి లేదు. 2022లో ప్రపంచపు సాలెపురుగుల పట్టికలో 50,000వ పేరు చేరినది. ఆ పేరును దక్షిణ అమెరికాలో దొరికిన ఒక ఈగపులిదే.

ఇక దేహ నిర్మాణము. పిల్లలారా, చీమకును ఈగకును కాళ్లు ఆరు, దేహము మూడు భాగములు. సాలెపురుగునకు కాళ్లు ఎనిమిది, దేహము రెండే భాగములు. రెక్కలు లేవు, మీసములు లేవు. ముందు భాగమున తలయు ఱొమ్మును ఏకమై గట్టి పెంకు క్రింద నుండును. ఈగపులికి ఈ పెంకు ఎత్తుగా, ముందు నిలువుగా తెగగొట్టినట్లుండును. చిన్న ఇనుప పెట్టె యనుకొనుడు. వెనుక భాగము కోలగా నుండు పొట్ట. రెంటి నడుమ సన్నని నడుము. పొట్ట చివర దారము తీయు సన్నని గొట్టములు. నోటికి ముందు రెండు దవడలు, వాని కొనలయందు కోఱలు. దవడల ప్రక్కనే చిన్న కాళ్లవంటి అవయవములు రెండు. తెల్లని నూగుతో నిండిన ఆ చేతులను ఇది నిలిచియున్నప్పుడును పైకి క్రిందికి ఆడించుచునే యుండును. మా జమేదారు మీసము దువ్వుచున్నాడని గుమాస్తా వేళాకోళము.

మగదానిని ఆడుదానిని రంగుచేతనే గుర్తింపవచ్చును. పేకుల్లిలో మగది నల్లనిది. వీపు నడుమ తెల్లని చార కన్నులనుండి పొట్ట వఱకు సాగును, ఇరుప్రక్కల మరల తెల్లని పట్టెలు. కరగంచు పంచె మడిచి పెట్టినట్లుండును. ఆడుది బూడిదవన్నె కలిసిన గోధుమ రంగుది. దాని నడిమి చార వెడల్పుగా లేత గోధుమవన్నెతో నుండును. పొట్ట చివరి ప్రక్క రెండు తెల్లని చుక్కలుండును. మగది 9 మొదలు 11 మిల్లీమీటర్లు, ఆడుది 9 మొదలు 12. తూకమునకు లొంగు సరకు కాదు.

ఇక కన్నుల సంగతి. ఈ ప్రాణి గొప్పదనమంతయు అందే యున్నది.

కన్నులు ఎనిమిది. మొగముమీద నాలుగు వరుసగా నుండును. ఆ నాలుగింటిలో నడిమి రెండు మిక్కిలి పెద్దవి, నల్లని గాజు గోళీలవలె మెఱయును. వాని కిరుప్రక్కల రెండు చిన్నవి. తలపైన, కొంచెము వెనుకగా, మఱి నాలుగు. అందు రెండు కనబడియు కనబడనంత చిన్నవి, చివరి రెండు ప్రక్కలకును వెనుకకును చూచునవి. ఈ చిన్న కన్నులు కాపలాదారులు. చుట్టునుగల ప్రదేశములో ఏది కదలినను అవి పసికట్టును. వీపు వెనుక ఈగ వ్రాలినను దీనికి తెలియును. తెలిసినంతనే దేహమంతయు త్రిప్పి పెద్ద కన్నులను అటు మరల్చును. తలయు ఱొమ్మును ఏకమై యుండుటచే మెడ త్రిప్పుట దీనికి సాధ్యము కాదు. మనము పోగానే మనవైపు తిరుగుట ఇందువలననే గాని పొగరుచేత కాదు.

ఆ పెద్ద కన్నులు దుర్భిణులవంటివి. బయట కనబడు అద్దము పెంకులో బిగించియుండును, కదలదు. దాని వెనుక తలలోనికి పొడవైన గొట్టము, గొట్టము చివర చూపు పొర. ఆ గొట్టము చివరను ఆరు కండరములు ఇటు నటు లాగి త్రిప్పుచుండును. 1969లో మైకేల్ లాండ్ అను బ్రిటిషు శాస్త్రజ్ఞుడు ఈ కదలికలను కనిపెట్టి వివరముగా వ్రాసెను. ఈ కంటికి ఒక్కమాటు అగపడు ప్రదేశము మిక్కిలి యిఱుకైనది. కావున ఎదుటి వస్తువును ఒక్కసారి చూచి విడువక, చూపును దానిపై అటునిటు నడిపి, అంచులను కొలిచి, ఇది ఈగయా, శత్రువా, తన జాతి ఆడుదియా యని తేల్చుకొనును. పద్దుల పుస్తకములో వ్రేలు పెట్టి వరుస వరుసగా చదువు ముసలి లెక్కరిని తలచుకొనుడు. బయటికి మాత్రము కన్ను కదలినట్లే యుండదు!

మన కంటిలో చూపు పొర ఒకటియే. ఈగపులి పెద్దకంటిలో ఒకదాని వెనుక నొకటిగా నాలుగు పొరలు గలవు. ఇన్ని పొరలు దేనికని పండితులు చాలకాలము తర్కించిరి. 2012లో జపాను శాస్త్రజ్ఞులు హసేరియస్ అడన్సోని యను మఱియొక యింటి ఈగపులిపై పరీక్ష చేసిరి. వారు తేల్చినదేమనగా, ఆకుపచ్చని కాంతి ఒక పొరమీద స్పష్టముగా పడునప్పుడు దాని ముందరి పొరమీద మసకగా పడును. ఆ మసక యెంతయో చూచి ఈగ యెంత దూరమున నున్నదో అది గ్రహించును. ఎఱ్ఱని కాంతిలో నుంచినప్పుడు పాపము దాని లెక్క తప్పి, దూకు చాలక, ఈగకు ఇవతలనే పడెను. ఆవగింజంత తలలో ఇంత కొలత యిమిడియున్నది. మేము ముప్పది యేండ్లనుండి కాటా పట్టినవారమైనను కంటితోడనే దూరము తూచు ఈ విద్యకు నమస్కరించితిమి.

దూకుట మాట. మిడుతకు దూకుటకై వెనుక కాళ్లు బలిసి పొడవుగా నుండును. ఈగపులి కాళ్లను చూడుడు. అట్టి గుర్తు ఏమియు లేదు. సాలెపురుగుల కాళ్లలో కొన్ని కీళ్లను ముడుచుటకు కండరములున్నవి గాని చాచుటకు లేవు. చాచవలసినప్పుడు ఱొమ్ములోని నెత్తురును ఒత్తిడితో కాళ్లలోనికి నెట్టును. ఆ ఒత్తిడిచే ముడుచుకొన్న వెనుక కాళ్లు ఒక్కపెట్టున చాచుకొనగా దేహము గాలిలోనికి లేచును. లారీలో మన్ను దించు తొట్టిని నూనె ఒత్తిడితో పైకెత్తుట చూచినవారికి ఇది వెంటనే బోధపడును. చచ్చిన సాలెపురుగు కాళ్లన్నియు ముడుచుకొని వెలికిల పడియుండుట మీరెఱుగుదురు. ఒత్తిడి పోయినది గనుక ముడుచు కండరములదే పైచేయి యైనది, అంతే.

దూకుటకు ముందు గోడకు ఒక దారపు కొనను అంటించును. దూకు తప్పినచో నేలపడక దారమున వ్రేలాడి మరల పైకెక్కును. ఆ దారము ప్రాణరక్షణకే యని తలచుచుండిరి. 2013లో తైవాను పరిశోధకులు మఱియొక ఉపయోగమును చూపిరి: గాలిలో నున్నప్పుడు దేహము పల్టీ కొట్టకుండ ఈ దారము వెనుకకు పట్టి నిలుపునట. మగ్గము ముట్టకున్నను సాలె విద్య పూర్తిగా మఱువలేదన్న మాట.

నున్నని గాజుమీద సహితము ఇది నడచును. పాదము కొనయందు రెండు గోళ్లు, వాని క్రింద వెండ్రుకల కుచ్చు. ఒక్కొక్క వెండ్రుక కొన మరల వందలాది సన్నని పాయలుగా చీలియుండును. ఐరోపాలోని మఱియొక ఈగపులి తెగను పరీక్షించినవారు ఎనిమిది పాదములయందును కలిపి 6 లక్షలకు మించిన కొనలను లెక్కించిరి. జిగురు లేదు, కొనలు గోడకు అంత దగ్గరగా తాకుటచేతనే అంటుకొనును.

సంతానము మాట క్లుప్తముగా చెప్పెదము. మగది ముందు కాళ్లెత్తి ఆడుదాని యెదుట ఆడును; ఆమెకు నచ్చకున్నచో పారిపోవలసినదే. గోడ పగులులోనో, దూలపు సందునో తెల్లని పట్టు గది కట్టి, అందు 35 మొదలు 60 వఱకు గ్రుడ్లు పెట్టి, పిల్లలు విడిపోవువఱకు తల్లి కావలి యుండును. పండుగకు వెల్ల వేయునప్పుడు మనము గీకివేయు తెల్లని బిళ్లలలో ఇవియు కొన్ని.

ఈగలు, దోమలు, దీపమునకు వచ్చు చిన్న రెక్కపురుగులు దీని ఆహారము. ఐతే బస్తా లోపలి ముక్కుపురుగును ఇది తీయజాలదు. మా సరకును ఈగపులి కాపాడుచున్నదని చెప్పిన అతిశయోక్తి యగును. అట్టి పొగడ్త దానికి అక్కఱలేదు.

ఇక దానిపై మోపబడు నేరము. దేహముమీద ఎక్కడనైన నీటిపొక్కులు వరుసగా లేచి మంట పుట్టినచో, సాలెపురుగు ప్రాకినదనుట మన యిండ్ల వాడుక. ఈ మాట పుట్టుటకు కారణము లేకపోలేదు. సాలెపురుగుల విషమును గూర్చి సుశ్రుతుడు కల్పస్థానమున వ్రాసినాడు. కోఱలలో విషముగల పురుగే గనుక భయము సహజము. అయితే ఈగపులి ప్రాకుటచే పొక్కులు రావు. చేతబట్టి నలిపినచో ఒకవేళ కఱచును. కొంత నొప్పి, కొంత దద్దురు, అంతటితో సరి.

మఱి ఆ పొక్కు లెక్కడివి? రెండు కారణములు ముఖ్యముగా గలవు. వానకాలమున దీపములకు వచ్చు ఒక చిన్న పురుగున్నది. చీమవలె సన్నగా, నారింజ వన్నె నలుపు వన్నె పట్టెలతో నుండును. అది కుట్టదు, కఱవదు. మెడమీద వ్రాలినప్పుడు మనము అఱచేత రుద్ది నలిపినచో దాని రసము చర్మమును కాల్చి, మఱునాటికి గీత గీచినట్లు పొక్కించును. దీపమునకు వచ్చు చిన్న రెక్కపురుగులను తినుటకై దీపము ప్రక్క గోడమీద ఎవరు కూర్చుందురు? మన ఈగపులి! ఉదయము లేచి పొక్కు చూచుకొన్నవారికి కనబడునది అదే. దొంగ పాఱిపోగా వాకిట నిలిచిన తలారిని పట్టుకొన్నట్లున్నది. ఆ చిన్న పురుగు మీద వ్రాలినచో నలుపక ఊది పోగొట్టుడు. నలిగినచో వెంటనే సబ్బునీట కడుగుడు.

రెండవది ఇంతకంటె పెద్దది. తెలుగువారు సర్పి యనియు, ఈ సీమవారు అక్కి యనియు పిలుచు వ్యాధి. చిన్ననాడు ఆటలమ్మ పోసినవారి దేహమున ఆ వ్యాధిక్రిమి నరముల మొదట అణగియుండి, వయసు మీఱినప్పుడో బలము తగ్గినప్పుడో మరల లేచి, దేహమునకు ఒక ప్రక్కనే పట్టెవలె పొక్కించును. పొక్కులకు ముందే నొప్పి పుట్టుట దీని గుర్తు. దీనికి మందున్నది. పొక్కులు కనబడిన 72 గంటలలోపల మొదలుపెట్టినచో ఎక్కువ మేలు. మన యిండ్లలో జరుగునదేమి? సాలెపురుగు ప్రాకినదని పసుపు పూసి మూడు దినములు, తరువాత కుమ్మరివద్దకు పోయి ఎఱ్ఱమంటితో అక్కి వ్రాయించి మఱి మూడు దినములు. వ్రాయించుకొనుటను మేము తప్పుపట్టము. అది పెద్దల నమ్మకము. కాని ఆ దినముననే వైద్యునియొద్దకును పోవలెను. మా బంధువర్గములో ఒక పెద్దాయనకు కొన్ని యేండ్ల క్రిందట నొసటిమీద, కనుబొమ్మ ప్రక్కను పొక్కులు లేచినవి. ఇంటివారందరు చీపురులతో సాలెపురుగులను వెదకి చంపిరి. వైద్యుని చూచునప్పటికి తొమ్మిది దినములు గడచినవి. ఆయన ఎడమకంటి చూపు నేటికిని మసకయే. గోడమీద చచ్చిన పురుగుల లెక్క ఎవరును వ్రాయలేదు. అమ్మలారా, కంటి చుట్టును, ముక్కు కొనను పొక్కు కనబడినచో ఒక్క పూట కూడ ఆలస్యము చేయవలదు.

ఇంకొక మాట. మన ఊరి ప్రక్కనే తిరువానైక్కావల్ గలదు. అక్కడ జంబుకేశ్వరునిపై ఆకులు రాలకుండ వల కట్టిన సాలెపురుగు మఱుజన్మమున చోళరాజై పుట్టినదని స్థలపురాణము. మన శ్రీకాళహస్తి పేరులోని శ్రీ యనునదియు సాలెపురుగే. గుడిలో దానికి చేతులు జోడించి, యింటికి వచ్చి చీపురందుకొనుట మన వింత. ఆ రెండు కథలలోనిదియు వల అల్లు సాలెపురుగు గాని మన ఈగపులి గాదని కొందరు పెద్దలు ఆక్షేపింపవచ్చును. ఆ ఆక్షేపణ న్యాయమైనదే, ఒప్పుకొనుచున్నాము.

మన సంఘ భవనపు పడమటి గోడమీద, కిటికీ ప్రక్కను, ఒక ఆడు ఈగపులి కాపురమున్నది. వచ్చు ఆదివారము ఉదయము తొమ్మిది గంటలకు పిల్లలను తీసికొని రండు. మా అంగడిలో బియ్యపు నూక పరీక్షించు భూతద్దము తెచ్చెదము. చీపురు మాత్రము తేవలదు. పెద్దవారు తమ యిండ్లలో వాడుకలోనున్న పురుగుల పేళ్లు, పిట్టల పేళ్లు తెలుగున వ్రాసి తెచ్చినచో ఈ పత్రికలో వరుసగా ప్రకటింతుము. కర్ణాటకమునందును ఒడిశా సీమయందును ఉన్న మన సోదరులు తమ ప్రాంతపు పేళ్లను టపాలో పంపవచ్చును. ఈగపులికి అక్కడ ఏమందురో వినవలెనని మా మేనత్తగారికి మిక్కిలి కుతూహలముగా నున్నది.